కనుమ అంటే కొండ కాదు!

కె.కోటపాడు సెంటర్లో నిలబడి ఉత్తరం వైపు చూడండి. చెరకు తోటలు, తాటిచెట్లు దాటాక ఆకాశం అంచున నీలిరంగు గీత ఒకటి కనిపిస్తుంది. రాత్రి వాన పడి తెల్లారి ఎండ కాసిందంటే ఆ గీత ఇంకాస్త దగ్గరికొచ్చినట్టు ఉంటుంది. చిన్నప్పటి నుంచి బీటెక్ అయ్యేదాకా నేను దాన్ని చూస్తూనే ఉన్నాను. మా ఇంట్లో మాత్రం దానికి పేరు లేదు. మేం 'కొండలు' అనేవాళ్లం. తాతయ్య 'ఏజెన్సీ' అనేవాడు. "అటేపు మబ్బేసింది, ఏజెన్సీలో వాన దంచేస్తంది, రేపు గెడ్డ పొంగుద్ది" అని చెప్పేవాడే తప్ప, ఆ కొండలకి వేరే పేరుందేమోనన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ పేరు తెలియకపోతే ఏమవుతుందో నాకు ఓ ఇంటర్వ్యూలో తెలిసింది.

అది జీఐఎస్ పోస్టు. అంటే కంప్యూటర్లో మ్యాపులు తయారుచేసి, వాటిలోని సమాచారాన్ని విశ్లేషించే పని. సాఫ్ట్‌వేర్ ప్రశ్నలన్నిటికీ బాగానే చెప్పాను. చివర్లో ప్యానెల్లోని పెద్దాయన నా బయోడేటా చూస్తూ తెలుగులోకి దిగారు.

"మీది కె.కోటపాడా? అక్కణ్నుంచి కనిపించే కొండలేవి?"

"ఈస్టర్న్ ఘాట్స్ సార్."

"ఘాట్ అంటే?"

"కొండ సార్."

"కాశీలో ఘాట్‌లున్నాయి కదా, అక్కడ కొండలున్నాయా?"

నేను మాట్లాడలేదు.

"పోనీ, తెలుగులో ఏమంటాం?"

"తూర్పు కనుమలు సార్."

"కనుమ అంటే?"

నా నోట్లోంచి వచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "సంక్రాంతి మర్నాడు సార్."

ముగ్గురూ నవ్వేశారు. చేసేదేం లేక నేనూ నవ్వాను. పెద్దాయన నవ్వాపి ఇంకో ప్రశ్న వేశారు. "తూర్పు కనుమలు ఒడిశా నుంచి తమిళనాడు దాకా ఉన్నాయి. అందులో మీ ఊరికి దగ్గర్లో ఉన్నది ఏ శ్రేణి?" తెలియదన్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. ఈ ఒక్క జవాబు వల్లే రాలేదని చెప్పను. కానీ మ్యాపులు గీసే పనికి వెళ్లి, ఇంటి ముందున్న కొండల పేరు చెప్పలేకపోయానన్న మాట బస్సులో వస్తున్నంతసేపూ గుచ్చుకుంది. ఇంటికొచ్చాక పుస్తకాలు, నిఘంటువులు, మ్యాపులు ముందేసుకుని కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది ఏంటంటే, నాకు పేర్లు రాకపోవడం అసలు సమస్య కాదు. కనుమ, శ్రేణి, కొండ, వ్యవస్థ... ఈ మాటల్లో ఏది దేన్ని సూచిస్తుందో ఎప్పుడూ ఆగి చూడలేదు. భూగోళంలో మనం పోగొట్టుకునే చాలా మార్కులు ఇక్కడే పోతున్నాయి. మీకు ఆ నష్టం జరగకూడదనే ఇది రాస్తున్నాను.

రేవు మెట్లు కొండెక్కిన కథ

ముందు 'ఘాట్' సంగతి తేల్చేద్దాం. సంస్కృతంలో 'ఘట్టం' అంటే నీళ్లలోకి దిగే మెట్లున్న చోటు, రేవు. స్నానఘట్టం అంటున్నాం కదా, అదే. కాశీలో ఘాట్‌లు, రాజమహేంద్రవరంలో కోటిలింగాల ఘాట్, పుష్కర ఘాట్ అన్నీ ఈ అర్థంలోవే. మెట్లు దిగి నీళ్లలోకి వెళ్లినట్టే, పీఠభూమి మీద నుంచి కొండల మధ్య దారిలో మైదానంలోకి దిగుతాం. అందుకే ఆ కొండదారికి కూడా 'ఘాట్' అనే పేరొచ్చింది. ముంబయి నుంచి పుణె వెళ్లే దారిలో భోర్ ఘాట్, నాసిక్ వెళ్లే దారిలో థల్ ఘాట్ ఉన్నాయి. ఇవి కొండల పేర్లు కావు, దారుల పేర్లు.

మూడో మలుపు యూరోపియన్ల వాడుకతో వచ్చింది. తీరం నుంచి లోపలికి వెళ్లాలంటే ఈ దారులే దిక్కు కాబట్టి, ఆ దారులున్న కొండల వరుస మొత్తాన్నీ వాళ్లు 'ఘాట్స్' అన్నారు. 1886లో యూల్, బర్నెల్ కూర్చిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు ఈ అర్థాలను ఇదే వరుసలో ఇస్తుంది: మొదట రేవు, తర్వాత కొండదారి, ఆ తర్వాత రెండు తీరాల వెంట ఉన్న కొండల వరుసలు.

తెలుగులో 'కనుమ'కి కూడా ఇదే జరిగింది. కనుమ అంటే రెండు కొండల మధ్య సందు, దాన్లోంచి పోయే దారి. బ్రౌన్ నిఘంటువులోనూ ఈ అర్థమే ఉంది. నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో ఉన్న నందికనుమ పేరు వినే ఉంటారు. అది కొండ కాదు, కొండల్ని దాటే చోటు. ఇంగ్లిష్ 'ఈస్టర్న్ ఘాట్స్'కి మనం 'తూర్పు కనుమలు' అనే పేరు పెట్టుకున్నాం. మాటకి మాట చూస్తే దాని అర్థం 'తూర్పు వైపు కొండదారులు'. తలుపు పేరు ఇల్లంతటికీ పెట్టినట్టన్నమాట.

దీనివల్ల పరీక్షలో ఒరిగేదేంటి అంటారా? 'కింది వాటిలో కనుమ కానిది ఏది?' అని భోర్ ఘాట్, థల్ ఘాట్, పాలక్కాడ్, దొడబెట్ట ఇచ్చారనుకోండి. కనుమ అంటే దారి అని తెలిసినవాళ్లు దొడబెట్ట దగ్గర ఆగుతారు. అది నీలగిరుల్లో 2,637 మీటర్ల ఎత్తున్న శిఖరం. కనుమ అంటే కొండ అనుకున్నవాళ్లకి నాలుగూ ఒకలాగే కనిపిస్తాయి. పేర్లు బట్టీ పట్టినా సరే, తేడా తెలీదు.

ఫిజిక్స్‌లో చదువుకున్న శ్రేణే ఇది

ఇక 'శ్రేణి'. ఈ మాట మీకు కొత్త కాదు. పదో తరగతి ఫిజిక్స్‌లో నిరోధాల 'శ్రేణి సంధానం', 'సమాంతర సంధానం' చదువుకున్నాం. శ్రేణి సంధానమంటే ఒకదాని చివర ఇంకోటి, దాని చివర మరోటి కలుపుకుంటూ పోవడం. పర్వత శ్రేణి కూడా అంతే. శిఖరాలు, గట్లు ఒకదాని వెంట ఒకటి వరుసగా సాగిపోవాలి. ఆ వరుసకి పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. ఇంకో షరతు కూడా ఉంది. మామూలుగా అవి దాదాపు ఒకే కాలంలో, ఒకే విధంగా పుట్టినవై ఉండాలి. దారిన పోయే నాలుగు గుట్టల్ని కలిపి శ్రేణి అనేయలేం.

సమాంతర సంధానం కావాలంటే హిమాలయాల్ని చూడండి. ఉత్తరాన హిమాద్రి, దానికి దక్షిణంగా నిమ్న హిమాలయాలు, అన్నిటికన్నా కింద శివాలిక్ కొండలు. మూడు శ్రేణులూ పక్కపక్కనే సాగుతాయి. నిమ్న హిమాలయాల్లో మళ్లీ పీర్ పంజాల్, ధౌలాధార్ లాంటి శ్రేణులున్నాయి. ఇలా ఒకే కాలానికి చెందిన శ్రేణులు కొన్ని కలిస్తే దాన్ని పర్వత వ్యవస్థ అంటారు. ఇంకా పెద్దగా, వేర్వేరు కాలాల్లో పుట్టిన వాటిని కూడా కలుపుకుని పొడవుగా సాగితే ఇంగ్లిష్‌లో 'చెయిన్' అంటారు, తెలుగులో పర్వత పంక్తి అనుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద మాట 'కార్డిల్లెరా'. ఇది స్పానిష్ మాట, దాని మూలంలో ఉన్నది తాడు. ఉత్తర అమెరికా పడమటి వైపు రాకీలు, సియెర్రా నెవాడా, కాస్కేడ్‌లు, తీర శ్రేణులు అన్నిటినీ ఒక్క తాడుతో కట్టినట్టు కలిపి కార్డిల్లెరా అంటారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ మాటల్ని అన్ని పుస్తకాలూ ఒకే కొలతతో వాడవు. కొలంబియాలో ఆండీస్ మూడు పాయలుగా చీలుతుంది. అక్కడివాళ్లు ఒక్కో పాయనీ పడమటి కార్డిల్లెరా, మధ్య కార్డిల్లెరా, తూర్పు కార్డిల్లెరా అనే పిలుస్తారు. వాళ్ల వాడుకలో ఒక్క శ్రేణి కూడా కార్డిల్లెరానే. కాబట్టి నిర్వచనాన్ని అక్షరం అక్షరం బట్టీ పట్టడం కన్నా, ఏది దేన్లో భాగమో తెలుసుకోవడం మేలు.

చెరకు గడతో గుర్తుపెట్టుకోండి

నాకు ఇవి ఎప్పుడూ కలగాపులగం అయ్యేవి. చివరికి మా అనకాపల్లి బెల్లం దారిలోకే తెచ్చుకున్నాను.

చెరకు గడని చూడండి. కణుపు, కణుపు తర్వాత ఇంకో కణుపు. ఒక్కో కణుపు ఒక్కో శిఖరం అనుకోండి. గడ మొత్తం శ్రేణి. పది గడలు కలిపి కట్టిన మోపు వ్యవస్థ. మోపులన్నీ ఎక్కించి తాడేసి బిగించిన బండి కార్డిల్లెరా. మరి కనుమ? రెండు కణుపుల మధ్య లోపలికి నొక్కుకున్న భాగం. ఎక్కడ తగ్గి ఉందో చూసుకుని అక్కడ దాటతాం.

ఈ పోలిక నేను కొత్తగా కనిపెట్టిందేం కాదని తర్వాత తెలిసింది. సంస్కృతంలో 'పర్వం' అంటే కణుపు, ముడి. మహాభారతంలో పర్వాలున్నది అందుకే. 'పర్వతం' అనే మాటకి మూలం కూడా అదేనంటారు. అంటే కణుపులున్నది పర్వతం. పామీర్ దగ్గర ఆసియాలోని పెద్ద శ్రేణులు కొన్ని కలుస్తాయి కాబట్టి దాన్ని పామీర్ ముడి అంటారు. కణుపు, ముడి, తాడు... కొండల్ని చూసిన ప్రతి భాషలోనూ జనానికి ఇలాంటి మాటలే తట్టాయి.

తూర్పు కనుమల్ని ఈ పోలికతో చూస్తే ఇంకో సంగతి కూడా తేలిగ్గా గుర్తుంటుంది. పడమటి కనుమలు పెద్దగా తెగకుండా సాగిన గడ. తూర్పు కనుమలు అక్కడక్కడా నరికిన గడ. మహానది, గోదావరి, కృష్ణ, పెన్న, కావేరి... ఈ నదులే కత్తులు. పాపికొండల మధ్య గోదావరిలో లాంచీ మీద వెళ్లినవాళ్లు ఆ కోత ఎలా ఉంటుందో కళ్లారా చూసే ఉంటారు. తూర్పు కనుమలు చాలా పాతవి, కోతకి గురై మిగిలినవి. అందుకే మన పుస్తకాల్లో వీటిని అవశిష్ట పర్వతాలంటారు. హిమాలయాలు కొత్తవి, ముడుత పర్వతాలు. 'విచ్ఛిన్నంగా ఉన్న శ్రేణి ఏది?' అన్న బిట్‌కి జవాబు ఈ కోతలోనే ఉంది.

మాడుగుల హల్వా తెలుసు, మాడుగుల కొండ తెలీదు

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకొద్దాం. మా ఊరికి దగ్గర్లో ఉన్నది ఏ శ్రేణి?

తూర్పు కనుమల ఉత్తర భాగంలో రెండు శ్రేణుల పేర్లు ముఖ్యంగా కనిపిస్తాయి. ఒకటి మాలియా శ్రేణి. దాన్లో ఎత్తయినది ఒడిశాలో, మన శ్రీకాకుళం సరిహద్దుకి దగ్గర్లో ఉన్న మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు. రెండోది మాడుగుల కొండ శ్రేణి. అర్మకొండ, గాలికొండ, జిందగడ శిఖరం దీన్లోవే.

మాడుగుల! మా నియోజకవర్గం పేరు అదే. పెళ్లిళ్లలో, పండగల్లో మేం తినే హల్వా అక్కడిదే. పాడేరు వెళ్లాలంటే మాడుగుల మీదుగానే ఘాట్ ఎక్కుతాం. గాలికొండ వ్యూపాయింట్ దగ్గర బండి ఆపి ఫొటోలు దిగని కాలేజీ బ్యాచ్ మా వైపు ఉండదు. ఇవన్నీ తెలిసినా, వాటి వెనకున్న శ్రేణి పేరు మాత్రం నాకు తెలీదు. కణుపు తెలుసు, మోపు తెలుసు. మధ్యలో ఉన్న గడే తెలీదు.

మీ ఊరికీ ఇలాంటి గడ ఒకటి ఉండే ఉంటుంది. మార్కాపురం, ఆత్మకూరు వైపు వాళ్లకి నల్లమల. కడప, నెల్లూరు మధ్య వాళ్లకి వెలికొండలు. తిరుపతి వాళ్లకి శేషాచలం. కర్నూలు వైపు ఎర్రమల. ఇవన్నీ తూర్పు కనుమల మోపులో గడలే. సరదా ఏంటంటే 'మల' అన్నా కొండే. అంటే 'నల్లమల కొండలు' అంటే 'నల్లకొండ కొండలు' అన్నమాట. తిరుమలలో ఉన్నదీ అదే 'మల'. గిరి, అద్రి, అచలం కూడా ఆ అర్థంలోవే. ఈ చిన్న మాటలు తెలిస్తే మ్యాపులో సగం పేర్లు వాటంతటవే అర్థమవుతాయి.

ఎత్తయిన శిఖరం ఏది? ముందు 'దేన్లో' అని అడగండి

తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరం ఏది? ఈ ప్రశ్న మీద వాట్సాప్ గ్రూపుల్లో గొడవలు జరగడం నేను చూశాను. ఒకరు మహేంద్రగిరి అంటారు. ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకం ఏళ్ల తరబడి చెప్పింది అదే. తెలుగు మీడియం పుస్తకాలు చదివినవాళ్లు చింతపల్లి దగ్గర 1,680 మీటర్ల అర్మకొండ అంటారు. కొన్ని పుస్తకాల్లో దీన్నే అరోమకొండ అని రాస్తారు. ఇంటర్నెట్ చూసినవాళ్లు 1,690 మీటర్ల జిందగడ అంటారు.

శ్రేణిని లెక్కలోకి తీసుకోండి, చిక్కు చాలావరకు విడిపోతుంది. మాలియా శ్రేణిలో మహేంద్రగిరి ఎత్తయినది. మోపు మొత్తం తీసుకుంటే మాడుగుల కొండ శ్రేణి శిఖరాలు దాన్ని దాటేస్తాయి. 1,501 కన్నా 1,680 ఎక్కువ, 1,690 ఇంకా ఎక్కువ. కాబట్టి పరీక్షలో ఆప్షన్లు చూడండి. జిందగడ ఉంటే అది, లేకుండా అర్మకొండ ఉంటే అది, రెండూ లేకుండా మహేంద్రగిరి ఉంటే ప్రశ్న పాత పుస్తకంలోంచి వచ్చిందని అర్థం. ప్రాథమిక కీ తేడాగా వస్తే అభ్యంతరం పెట్టడానికి ఏ పుస్తకంలో ఏముందో పేజీతో సహా నోట్ చేసి ఉంచుకోండి.

ఇలాంటి ఉచ్చులు ఇంకా కొన్ని.

కే2 శిఖరం ఎత్తు 8,611 మీటర్లు. ఇది కారకోరం శ్రేణిలో ఉంది. 'హిమాలయాల్లో రెండో ఎత్తయిన శిఖరం' అని అడిగితే కే2 రాయకూడదు, 8,586 మీటర్ల కాంచన్‌గంగ రాయాలి. 'ప్రపంచంలో రెండోది' అంటేనే కే2. ప్రశ్నలో మారింది ఒక్క మాటే, జవాబే మారిపోయింది.

ప్రపంచంలో పొడవైన పర్వత శ్రేణి ఏది? నేల మీద అయితే దాదాపు 7,000 కిలోమీటర్ల ఆండీస్. సముద్రాల అడుగున ఉన్న వాటిని కూడా లెక్కేస్తే దాదాపు 65,000 కిలోమీటర్లు సాగే మధ్య సముద్ర రిడ్జ్ ముందు ఆండీస్ చిన్నదైపోతుంది. 'నేల మీద' అన్న మాట ప్రశ్నలో ఉందో లేదో చూడాలి.

తూర్పు, పడమటి కనుమలు ఎక్కడ కలుస్తాయి? నీలగిరుల దగ్గర. ఇక్కడ అడుగుతున్నది రెండు వరుసలు కలిసే చోటు, శిఖరం కాదు. దొడబెట్ట అని ఆప్షన్ కనిపించగానే తొందరపడకండి. పడమటి కనుమల్లో ఎత్తయినది 2,695 మీటర్ల ఆనైముడి.

2023 డిసెంబర్‌లో వచ్చిన గ్రూప్-2 నోటిఫికేషన్ ప్రకారం ప్రిలిమ్స్ 150 మార్కులకి, అందులో భూగోళానికి 30 మార్కులు. తప్పు జవాబుకి మూడోవంతు మార్కు కోత. ఇలాంటి బిట్లు మూడు తప్పయితే ఆ మూడు మార్కులూ రాకపోగా, వచ్చిన వాటిలోంచి ఇంకొకటి పోతుంది. కటాఫ్ దగ్గర ఒక్క మార్కు విలువ మీకు నేను చెప్పక్కర్లేదు.

ఒక్క నిర్వచనం... వేల కొండల తలరాత

ఇది పరీక్షల గొడవే అనుకుంటే పొరపాటు. 2025 నవంబర్ 20న సుప్రీంకోర్టు అరావళి కొండలకి ఒక నిర్వచనాన్ని అంగీకరించింది. చుట్టుపక్కల నేల కన్నా 100 మీటర్లు లేదా అంతకన్నా ఎత్తు లేచినదే అరావళి కొండ. అలాంటి కొండలు రెండు లేదా అంతకన్నా ఎక్కువ, ఒకదానికొకటి 500 మీటర్ల లోపు ఉంటేనే అరావళి శ్రేణి. మైనింగ్‌ని ఎక్కడ ఆపాలి, ఎక్కడ అనుమతించాలి అనేది తేల్చడానికి ఈ కొలత పెట్టారు.

రాజస్థాన్, హరియాణాలో జనం రోడ్డెక్కారు. 100 మీటర్లకి తక్కువున్న గుట్టలు, గట్లు అన్నీ 'కొండ' కాకుండా పోతే వాటికి రక్షణ ఏది అన్నది వాళ్ల ప్రశ్న. డిసెంబర్ 29న సుప్రీంకోర్టే తన ఆదేశాన్ని నిలిపి, విషయాన్ని మళ్లీ పరిశీలించాలని నిర్ణయించింది.

కరెంట్ అఫైర్స్ నోట్స్‌లో మీరు ఈ తేదీలు రాసుకునే ఉంటారు. తేదీలతో పాటు అసలు సంగతి కూడా రాసుకోండి. 'శ్రేణి' అంటే ఏంటి అన్న ఒక్క ప్రశ్న మీద ఎన్నో గుట్టల బతుకు ఆధారపడింది. మన జిల్లాలో కూడా మైదానంలో ఒంటరిగా నిలబడ్డ గుట్టలు ఎన్నో ఉన్నాయి. గ్రావెల్ కోసం ఒకవైపు తవ్వేసిన గుట్టని చూడని ఊరు తక్కువ. అరావళి కొలబద్దే ఇక్కడికి తెస్తే వాటిలో ఎన్ని కొండలుగా మిగులుతాయి? మెయిన్స్ వ్యాసానికైనా, ఇంటర్వ్యూకైనా ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. మీ ఊరి గుట్టతో మొదలుపెట్టి అరావళి దాకా తీసుకెళ్లి చెప్పండి, వినేవాళ్లు పెన్ను కింద పెట్టి వింటారు.

ఇంజినీరింగ్ వాళ్లకి ఇక్కడ పనుంది

ఇప్పుడు మన బీటెక్ బ్యాచ్ కోసం. మ్యాపు అంటే లోపల డేటానే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి చూడండి. దాన్లో శిఖరం ఒక బిందువు. గట్టు ఒక గీత. కనుమ రోడ్డు మీద గుర్తుపెట్టిన ఒక బిందువు. మరి శ్రేణి? అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గీత గీసి చెప్పడం కష్టం. ఇంటర్వ్యూలో నేను పడిపోయింది సరిగ్గా ఇక్కడే. డేటా టైప్ తెలియకుండా కోడ్ రాయబోయాను.

నేర్చుకోవడానికి డబ్బు అక్కర్లేదు. క్యూజీఐఎస్ ఉచిత సాఫ్ట్‌వేర్. ఇస్రోవాళ్ల భువన్ పోర్టల్ ఉంది. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. టోపోషీటులో గోధుమరంగు గీతలు ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతాయి. వీటినే కాంటూర్లంటారు. అవి దగ్గరదగ్గరగా ఉంటే వాలు నిటారుగా ఉన్నట్టు. రెండు శిఖరాల చుట్టూ గీతలు గుండ్రంగా తిరిగి, మధ్యలో డమరుకం నడుములా సన్నబడితే అదే కనుమ. రోడ్డు, రైలు దారి వెతుక్కునేది ఆ నడుము కోసమే.

ఒకసారి కోటపాడు నుంచి మాడుగుల మీదుగా పాడేరు దాకా కాంటూర్ల మీద వేలు పెట్టి నడపండి. మైదానంలో గీతలు దూరదూరంగా ఉంటాయి. ఘాట్ మొదలయ్యే చోట ఒక్కసారిగా ఒకదాని మీద ఒకటి పడతాయి. పైకెక్కాక మళ్లీ విడిపోతాయి. బస్సులో మీ చెవులు మూసుకుపోయే చోటేదో మ్యాపు మీద మీకే కనిపిస్తుంది. ఈ చిన్న ప్రాజెక్టు చేసి రెజ్యూమేలో రాసుకోండి. కాపీ కొట్టిన ప్రాజెక్టు కన్నా మీ ఊరి మ్యాపు గురించి మీరు ధైర్యంగా మాట్లాడగలరు.

భూగర్భ శాస్త్రం వైపు ఆసక్తి ఉంటే ఇంకో మాట. మన కొండల్లో ముఖ్యమైన రాయి ఖోండలైట్. ఈ కొండల్లో బతికే ఖోండుల పేరే దానికి పెట్టారు. కోణార్క్ గుడి కట్టింది ఈ రాయితోనే. ఇంకో రాయి చార్నొకైట్. కోల్‌కతాలో జాబ్ చార్నాక్ సమాధి మీదున్న రాయి వల్ల దానికి ఆ పేరొచ్చింది. ఇవి రెండూ బిట్లుగా వస్తాయి. 1851లో ఏర్పడిన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగాలకి యూపీఎస్సీ విడిగా పరీక్ష పెడుతుంది. సంబంధిత పీజీ చేసేవాళ్లు దాని మీద కన్నేయండి.

ఈ వారం చేయాల్సిన పని

ఒక పేజీ తీసుకోండి. పైన మీ ఊరి పేరు రాయండి. కింద నాలుగు గళ్లు గీయండి: దగ్గర్లో ఉన్న కొండ లేదా శిఖరం, అది ఉన్న శ్రేణి, ఆ శ్రేణి ఉన్న వ్యవస్థ, దాన్ని దాటే కనుమ. నాలుగూ నింపడానికి గంట పట్టొచ్చు. గోదావరి డెల్టా వాళ్లకి కొండ దూరమే అయినా పాపికొండలు ఉన్నాయి కదా. తర్వాత ఇదే గళ్లలో హిమాలయాలు, ఆండీస్, ఆల్ప్స్ నింపుకుంటూ పోండి. పుస్తకంలో ఏ కొండ పేరు కనిపించినా 'ఇది కణుపా, గడా, మోపా?' అని ఒక్కసారి అడగండి.

మొదటి గడి నింపడానికి మాత్రం ఫోన్ తీయకండి. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. నేనూ అడిగాను. ఇంటర్వ్యూ అయిన వారానికి తాతయ్య పక్కన అరుగు మీద కూర్చుని, అటేపు కొండలకి మాడుగుల కొండలని పేరుందట తాతా అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"మాడుగులోళ్ల కొండలు కాక మరేటిరా?" అన్నాడు. "నువ్వెప్పుడడిగావేటి?"